లైట్లు పెట్టిస్తే వారంటీ పోతుందా? టూరింగ్ బైక్ కొనబోయేవాళ్లకు నా సమాధానం

ఖమ్మం నుంచి రాసిన మిత్రుడి ప్రశ్న క్లుప్తంగా ఇదీ. బడ్జెట్ నాలుగు లక్షలు. భార్యతో కలిసి శనాదివారాలు తిరగడానికి, కుదిరితే ఒకసారి లదాఖ్ వెళ్లిరావడానికి బైక్ కావాలి. లదాఖ్ దాకా నడుపుకుంటూ వెళ్లేంత సెలవు మాత్రం లేదు. ఎత్తు ఐదడుగుల ఆరంగుళాలు. పన్నియర్లు (వెనక రెండు పక్కలా తగిలించే సామాన్ల పెట్టెలు), అదనపు లైట్లు పెట్టించాలని, సీటు, సైలెన్సర్ మార్పించాలని ఉంది. ఈలోగా ఆయన స్నేహితుడి బైక్‌లో మీటర్ ఆగిపోతే, "బయట లైట్లు పెట్టించారు, వారంటీ చెల్లదు" అని షోరూంవాళ్లు చేతులెత్తేశారు. మరి నేను ఏమైనా మార్పించుకోవచ్చా, అసలు ఏ బైక్ కొనాలి, విజయవాడలో తక్కువకు వస్తుందంటున్నారు నిజమేనా అని అడిగారు.

వారంటీ సంగతి ముందు చెప్తాను. మిగతా నిర్ణయాలన్నీ దాన్నిబట్టే ఉంటాయి.

చాలా కంపెనీల వారంటీ పుస్తకంలో, అనధికార మార్పుల కారణంగా వచ్చిన లోపాలకు తమ బాధ్యత లేదని ఉంటుంది. అంటే లైట్లు పెట్టించుకున్నవాడికి ఫోర్క్ సీల్ (ముందు సస్పెన్షన్ గొట్టాల్లోని నూనె కారకుండా ఆపేది) లీకయితే, ఆ రెంటికీ సంబంధం ఏమిటని అడిగే హక్కు అతనికి ఉంది. కౌంటర్ దగ్గర మాత్రం "వారంటీ మొత్తం పోయింది" అని ఒక్క మాటలో తేల్చేస్తారు. మీ బైక్ పుస్తకంలో ఆ పేరా ఎలా రాశారో డబ్బు కట్టకముందే చదవండి. షోరూంలో అడిగితే చూపిస్తారు, చాలా కంపెనీలు వెబ్‌సైట్‌లో కూడా పెడుతున్నాయి.

డీలర్ అలా ఎందుకంటాడో కూడా తెలియాలి. వారంటీ కింద పార్టు మార్చాలంటే డీలర్ ఫొటోలు, జాబ్ కార్డు (బైక్ సర్వీస్‌కు ఇచ్చినప్పుడు సమస్య రాసుకునే కాగితం) జతచేసి కంపెనీకి క్లెయిమ్ పెట్టాలి. పాత పార్టు దాచి ఉంచాలి, అడిగితే పంపాలి. కంపెనీ ఇచ్చే లేబర్ డబ్బు మామూలు కస్టమర్ దగ్గర తీసుకునేదానికన్నా తక్కువ. క్లెయిమ్ తిప్పికొడితే ఆ ఖర్చు డీలర్ నెత్తినే పడుతుంది. అందుకని కాస్త అనుమానం ఉన్న కేసును మొదట్లోనే వదిలించుకోవాలని చూస్తాడు. కౌంటర్‌లో కూర్చున్న సర్వీస్ అడ్వైజర్ వారంటీ ఇవ్వలేడు, తీసెయ్యలేడు. ఆ అధికారం కంపెనీది. ఈ తేడా గుర్తుంచుకుంటే అతనితో గొంతు చించుకోవాల్సిన పని ఉండదు.

అచ్చం మీ స్నేహితుడి సమస్యే మా పక్కవీధి కుర్రాడికీ వచ్చింది. వానలో శ్రీశైలం ఘాట్ దిగి హైదరాబాద్ చేరేసరికి మీటర్ డిస్‌ప్లే ఒకసారి వెలిగి ఒకసారి ఆరిపోవడం మొదలైంది. షోరూంలో అడ్వైజర్ బైక్ వైపు చూడనైనా చూడకుండా, "లైట్లు మీరే పెట్టిచ్చుకున్నరు గదా అన్నా, ఇగ కంపెనీ ఒప్పుకోదు" అన్నాడు. మేం గొడవపడలేదు. ఫ్లోర్ సూపర్‌వైజర్‌ను పిలిచి, లైట్ల వైరింగ్ ఎక్కడ కలిసిందో చూపించమన్నాం. లైట్ల వైర్లు నేరుగా బ్యాటరీ నుంచి ఫ్యూజు, రిలే (లైట్ల కరెంటును విడిగా ఆన్, ఆఫ్ చేసే స్విచ్) మీదుగా వెళ్తున్నాయి, బైక్ హార్నెస్‌ను, అంటే కంపెనీ వైర్ల కట్టను, ఎక్కడా కోయలేదు. ఇక మీటర్ వెనక కప్లర్ (వైర్లను కలిపే ప్లగ్గు) తీసి చూడమన్నాం. రబ్బరు సీల్ ఒక పక్కకు మడతపడి ఉంది, లోపల రెండు పిన్నుల మీద పచ్చటి చిలుము పట్టి ఉంది. నీళ్లు దిగాయి, అంతే. చాసిస్ నంబరు, కిలోమీటర్లు కనిపించేలా ఒక ఫొటో, ఆ పిన్నులది దగ్గర నుంచి ఒక ఫొటో తీసుకుని, అదే విషయం జాబ్ కార్డులో రాయించాం. క్లెయిమ్ వెళ్లింది, కొత్త మీటర్ వచ్చింది. ఆ లైట్ల వైర్లను ఇగ్నిషన్ వైరులోకి గుచ్చి నల్ల టేపు చుట్టి ఉంటే మాత్రం మేం నోరెత్తే పరిస్థితి ఉండేది కాదు.

మీ స్నేహితుడు కూడా ఇదే చేయాలి. మళ్లీ షోరూంకి వెళ్లి కొత్త జాబ్ కార్డు తెరిపించాలి. అందులో లక్షణం రాయించాలి గానీ రోగం పేరు కాదు. "మీటర్ పోయింది" అంటే వాళ్లకు తోచినట్టు అర్థం చేసుకుంటారు. "వాన పడ్డాక డిస్‌ప్లే ఆగిపోతోంది, ఎండలో గంట నిలిపితే మళ్లీ వస్తోంది" అని రాస్తే వెతకాల్సిన చోటు అందులోనే తెలుస్తుంది. కిలోమీటర్ రీడింగ్‌తో సహా వీడియో తీసి ఉంచుకోవాలి. ఇవ్వం అంటే, ఏ పార్టుకు, ఏ కారణంతో ఇవ్వడం లేదో కాగితం మీద గానీ ఈమెయిల్‌లో గానీ అడగాలి. రాసివ్వమనగానే సగం మంది స్వరం మారుతుంది. అప్పటికీ కదలకపోతే కంపెనీ కస్టమర్ కేర్‌కు, ఆ ప్రాంతం సర్వీస్ మేనేజర్‌కు అవే ఫొటోలతో మెయిల్. తర్వాత 1915, అంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. తెలుగులోనూ మాట్లాడవచ్చు.

అదీ కాకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. 2019 చట్టం వచ్చాక మీరు ఉండే జిల్లాలోనే ఫిర్యాదు వేయవచ్చు, కొన్న ఊరికి పోనక్కర్లేదు. వస్తువుకు చెల్లించిన మొత్తం ఐదు లక్షల లోపైతే ఫీజు లేదు. లాయర్ తప్పనిసరి కాదు. వివాదం తలెత్తిన రెండేళ్లలోపు వెయ్యాలి. ఇప్పుడు ఈ-జాగృతి పోర్టల్‌లో ఆన్‌లైన్‌లోనే వెయ్యవచ్చు. లోపం ఉందో లేదో చూస్తే తేలనప్పుడు కమిషన్ ఆ వస్తువును ల్యాబ్‌కు పంపి పరీక్ష చేయించగలదు. అందుకే, వివాదం నడుస్తుండగా ఆ పార్టును బయట మెకానిక్‌తో విప్పించవద్దు. విప్పితే ఉన్న ఆధారం కాస్తా పోతుంది. డెలివరీ తీసుకునేటప్పుడు "పని సంతృప్తికరం" అనే గడి దగ్గర సంతకం అడుగుతారు, నడిపి చూడకుండా పెట్టొద్దు. సమస్య మిగిలే ఉంటే ఆ గడి పక్కనే "సమస్య అలాగే ఉంది" అని రాసి సంతకం చేయండి.

ఇక బైక్.

2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ మారింది. 350 సీసీ వరకు 18 శాతం, అది దాటితే 40 శాతం. మీ బడ్జెట్‌కు ఇది చిన్న విషయం కాదు. రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్ 450 చూస్తే 452 సీసీ, 40 హార్స్‌పవర్, 17 లీటర్ల ట్యాంకు. లదాఖ్‌కు, అందులోనూ ఇద్దరితో, నిజంగా బాగుంటుంది. కానీ ఆన్‌రోడ్ ధర కట్టేసరికి మీ బడ్జెట్ దాదాపు అక్కడికే సరిపోతుంది, హెల్మెట్లు, జాకెట్లు, సామాన్ల పెట్టెలకు ఏమీ మిగలదు. బరువు 196 కిలోలు. రోడ్డు మీదైతే తెలియదు గానీ, బురదలో పడ్డాక ఒక్కరే లేపాల్సి వస్తే తెలుస్తుంది. సుజుకి వీ-స్ట్రోమ్ ఎస్ఎక్స్ 249 సీసీ, 167 కిలోలు, రెండు చక్రాలూ ట్యూబ్‌లెస్. ట్యాంకు 12 లీటర్లే. ఖమ్మం నుంచి మారేడుమిల్లి, అరకు, గండికోట అని తిరగడానికి దీనికి వంక పెట్టలేం. సామాన్లతో, ఇద్దరితో 44వ నంబరు హైవే మీద గంటకు వంద పట్టుకుని ఆదిలాబాద్ దాకా పోవాలంటే మాత్రం శ్రమపడుతుంది. రాయల్ ఎన్‌ఫీల్డ్‌దే ఇంకో బైక్ మీటియర్ 350కి సీటు ఎత్తు 765 మిల్లీమీటర్లే కాబట్టి మీ ఎత్తుకు రెండు కాళ్లూ నిండుగా ఆనతాయి, వెనక కూర్చునేవాళ్లకూ సుఖం. గుంతల రోడ్డు మీద దానికి సస్పెన్షన్ చాలదు.

నా మాట అడిగితే, ఏడాదికోసారి వెళ్తారో వెళ్లరో తెలియని లదాఖ్ కోసం బైక్ కొనకండి, ప్రతి శనివారం వెళ్లే దారికోసం కొనండి. టెస్ట్ రైడ్‌కు మీ ఆవిడనూ తీసుకెళ్లండి. వెనక సీటు నచ్చక ఆమె రానంటే ఇక పన్నియర్లెందుకు? ట్యూబ్ టైరా, ట్యూబ్‌లెస్సా అన్నది మర్చిపోకుండా అడగండి. హిమాలయన్‌లోనూ ట్యూబ్‌లెస్ స్పోక్ చక్రాలు తర్వాత వచ్చాయి, ఏ వేరియంట్‌కు ఏది వస్తుందో బిల్లు రాయకముందే తేల్చుకోండి. అడవి దారిలో మేకు దిగితే, ట్యూబ్‌లెస్ అయితే పదిహేను నిమిషాల్లో స్ట్రిప్ దూర్చి గాలి కొట్టుకుని వచ్చేయొచ్చు. ట్యూబ్ అయితే చక్రం విప్పాల్సిందే.

విజయవాడ సంగతి. ఎక్కడ కొన్నా మీరు ఉండేది తెలంగాణలో గనుక లైఫ్ టాక్స్ ఇక్కడే కట్టాలి, అక్కడి నుంచి తాత్కాలిక రిజిస్ట్రేషన్‌తో తెచ్చుకుని ఖమ్మంలో రిజిస్టర్ చేయించాలి. ఎక్స్-షోరూం ధరలో తేడా పెద్దగా ఉండదు. తక్కువ అని చెప్పేది ఎక్కువగా డిస్కౌంటో, ఉచిత యాక్సెసరీలో. వారంటీ దేశంలో ఏ అధీకృత సర్వీస్ సెంటర్‌లోనైనా చెల్లాలి, "కొన్న చోటికే వెళ్లండి" అని ఎవరైనా అంటే అది అబద్ధం. అయినా సరే, సర్వీస్‌కు వెళ్లిన ప్రతిసారీ ముఖం గుర్తుపట్టే షోరూం దగ్గర్లో ఉండడం చాలా పనికొస్తుంది. నేనైతే ఖమ్మంలోనే కొంటాను.

బైక్ వచ్చాక రిజిస్ట్రేషన్‌కు పంపకముందే చూడాలి. నంబరు పడ్డాక దాన్ని మార్చి ఇంకొకటి ఇవ్వమంటే ఎవరూ ఇవ్వరు. టైరు పక్క గోడ మీద నాలుగంకెల కోడ్ ఉంటుంది. 3225 అంటే 2025లో 32వ వారం తయారైందని. బైక్ గోడౌన్‌లో ఎంతకాలం పడి ఉందో దాన్నిబట్టి కొంత తెలుస్తుంది. ఫోర్క్ గొట్టాల మీద నూనె చారలు, చక్రం తిప్పితే ఊగడం, ట్యాంకు మూత లోపల తుప్పు, చాసిస్ నంబరు కాగితంతో సరిపోవడం చూడండి. హ్యాండ్లింగ్ చార్జీలు అని వేస్తే కట్టనని చెప్పండి. ఇన్సూరెన్స్ షోరూంలోనే తీసుకోవాలన్న రూలేమీ లేదు.

ఇక్కడ డీలర్లు చేసే ఒక పని చెప్పాలి. "క్రాష్ గార్డు, లైట్లు, సీటు కవరు అన్నీ మేమే వేసిస్తాం సార్, వారంటీకి ఢోకా లేదు" అంటారు. తీరా చూస్తే అవి కంపెనీ యాక్సెసరీలు కావు. పక్క షాపు నుంచి తెప్పించి, ఆ షాపు పేరు మీదే వేరే బిల్లు కొడతారు. షోరూం ఆవరణలో వేసినంత మాత్రాన దానికి కంపెనీతో ఏ సంబంధమూ ఏర్పడదు. బిల్లు షోరూం పేరు మీద ఉందా, కంపెనీ పార్ట్ నంబర్ ఉందా అన్నదే చూడండి.

మార్పుల్లో మొదటిదానికి రూపాయి ఖర్చు కాదు. వెనక సస్పెన్షన్ ప్రీలోడ్ (స్ప్రింగ్ బిగువు) ఇద్దరి బరువుకు బిగించడం, మాన్యువల్‌లో ఇద్దరికి చెప్పిన టైరు ప్రెజర్ పెట్టడం, క్లచ్, బ్రేక్ లివర్లను మీ మణికట్టుకు సరిపడే కోణానికి తిప్పుకోవడం. ఇవి చేసి ఒక వెయ్యి కిలోమీటర్లు తిరిగితే, మార్చాలనుకున్న వస్తువుల్లో సగం అక్కర్లేదని తేలుతుంది.

అప్పటికీ వీపు నొప్పి ఉంటే సీటు. ఒరిజినల్ సీటును కోయించొద్దు. పాత సీటు ఒకటి సంపాదించి దాని మీద ఫోమ్ వేయించుకోండి, అసలుది ఇంట్లో భద్రంగా ఉంచండి. మెత్తగా ఉంటే బాగుంటుందని చాలామంది అనుకుంటారు. మెత్తటి ఫోమ్ షాపులో బాగుంటుంది, రెండు గంటలు కూర్చున్నాక కిందకు దిగిపోయి ఎముక సీటు అడుగు పలకకు తగులుతుంది. గట్టి ఫోమ్, వెడల్పైన వెనక భాగం అడగండి. హ్యాండిల్ రైజర్లు (హ్యాండిల్‌ను ఎత్తుకు లేపే దిమ్మలు) వేయిస్తే, ఇంజన్ ఐడిల్‌లో ఉంచి హ్యాండిల్‌ను ఇటు చివర నుంచి అటు చివరకు తిప్పండి. ఆర్పీఎం (ఇంజన్ వేగం) పెరిగితే యాక్సిలరేటర్ కేబుల్ లాగుతోందన్నమాట, ఘాట్ మలుపులో అది ప్రాణం మీదికి తెస్తుంది. కేబుల్ లేని రైడ్-బై-వైర్ బైకులైతే బ్రేక్ గొట్టం, స్విచ్‌ల వైర్లు బిగుసుకుంటున్నాయేమో చూడాలి.

క్రాష్ గార్డు ఫ్రేముకు బిగిసేదే తీసుకోండి. ఇంజన్ బోల్టులకు తగిలించే చవక గార్డు, బైక్ పడ్డప్పుడు దెబ్బను నేరుగా ఇంజన్ కేసింగ్‌కు చేరవేస్తుంది. ఆ పగులుకు ఏ డీలరూ వారంటీ ఇవ్వడు, ఇవ్వకపోవడం న్యాయమే.

సామాన్ల విషయంలో అందరూ టాప్ బాక్స్ దగ్గర పొరపాటు పడతారు. పెద్ద పెట్టె కొని అందులో పనిముట్లు, నీళ్ల సీసాలు, తాళం గొలుసు అన్నీ కుక్కుతారు. వెనక ఇరుసుకు అవతల అంత ఎత్తున బరువు పెడితే ముందు చక్రం తేలికవుతుంది, స్పీడులో హ్యాండిల్ ఊగడం మొదలవుతుంది. తర్వాత "స్టీరింగ్ బేరింగ్ పోయింది" అని షోరూం మీద పడతారు. బరువైనవి పన్నియర్లలో అడుగున, ముందువైపుకు. టాప్ బాక్స్‌లో రెయిన్‌కోట్లు, జాకెట్లు. ర్యాక్ మీద ఎన్ని కిలోలు వరకు అని రాసి ఉంటుంది, దాన్ని మించకూడదు. బైక్ మొత్తం మోయగలిగే బరువులో ఇనప స్టేలు (పన్నియర్లు తగిలించే చట్రాలు), ఖాళీ పెట్టెల బరువు కూడా కలుస్తుంది, ఇది లెక్కలో వదిలేస్తారు. స్టేలు బోల్టులతో బిగించేవే కావాలి. సబ్‌ఫ్రేమ్‌కు (సీటు కింది ఫ్రేముకు) వెల్డింగ్ చేయించారా, అక్కడితో ఆ ఫ్రేము గురించి కంపెనీతో మాట్లాడే హక్కు పోయినట్టే. మొదట్లో నేనైతే గుడ్డ సాడిల్ బ్యాగులతోనే సరిపెట్టుకోమంటాను. సైలెన్సర్‌కు తగలకుండా చూసుకుంటే చాలు.

లైట్లు ఆఖర్న, ఉచిత సర్వీసులు కొన్ని అయిపోయి, బైక్‌లో ఫ్యాక్టరీ లోపాలు ఏమైనా ఉంటే అవి బయటపడ్డాక. చెరో 40 వాట్ల లైట్లు రెండంటే దాదాపు ఏడు ఆంపియర్లు. బ్యాటరీ నుంచి విడిగా లైను, బ్యాటరీకి దగ్గరగా ఫ్యూజు, రిలే, ఆ మోడల్‌కు సరిపోయే కప్లర్ ఉన్న హార్నెస్. వైరు కోస్తానన్న మెకానిక్ ఎంత పేరున్నవాడైనా వద్దనండి. కొత్త బైకుల్లో మీటర్, ఏబీఎస్, ఈసీయూ (ఇంజన్‌ను నడిపే కంప్యూటర్) ఒకదానితో ఒకటి మాట్లాడుకునే లైన్ల మీద ఏదైనా కలిపితే ఎర్రర్ కోడ్ పడుతుంది, అది స్కానర్‌లో కనిపిస్తుంది. ఊళ్లో ఆ లైట్లు వేసుకుని ఎదుటివాళ్ల కళ్లు పోగొట్టకండి, దయచేసి.

సైలెన్సర్ మాత్రం ముట్టుకోవద్దు. బీఎస్-6 బైక్‌లో అది వట్టి గొట్టం కాదు, క్యాటలిటిక్ కన్వర్టర్ (పొగలోని విషవాయువులను తగ్గించేది), ఆక్సిజన్ సెన్సర్ ఉన్న ఎగ్జాస్ట్ వ్యవస్థలో ఒక భాగం. మారిస్తే ఇంజన్ క్లెయిమ్‌ను తిరస్కరించడానికి కంపెనీకి మంచి కారణం దొరుకుతుంది. చట్టమూ గట్టిగానే ఉంది. 2019 సవరణ ప్రకారం శబ్ద, వాయు కాలుష్యానికి మొదటిసారి పదివేల దాకా జరిమానా, మూడు నెలల దాకా జైలు, లైసెన్స్ మీద మూడు నెలల వేటు. నిబంధనలకు విరుద్ధంగా చేయించిన మార్పు ఒక్కోదానికి యజమానికి ఐదువేల జరిమానా వేరే. కంపెనీ ఇచ్చిన స్పెసిఫికేషన్‌కు, ఆర్‌సీలోని వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదని సుప్రీంకోర్టు 2019 జనవరిలో తేల్చింది. రంగు మార్పిస్తే ఆర్‌సీలో ఎక్కించుకోవాలి. హైదరాబాద్‌లో, విశాఖలో పోలీసులు మార్చిన సైలెన్సర్లను వరసగా పేర్చి రోడ్ రోలర్‌తో తొక్కించడం మీరూ చూసే ఉంటారు.

బిగించిన ప్రతి వస్తువు బిల్లూ దాచండి, ఇన్సూరెన్స్ రెన్యువల్‌లో యాక్సెసరీలుగా చూపించండి. చూపించని పన్నియర్లు యాక్సిడెంట్‌లో నలిగితే సర్వేయర్ వాటిని లెక్కలోకి తీసుకోడు. సర్వీసులు కిలోమీటర్లా, రోజులా, ఏది ముందైతే దానికి చేయించాలి. "ఇంకా కిలోమీటర్లు కాలేదు గదా" అని గడువు దాటించినవాళ్ల క్లెయిములు తిప్పికొట్టడం చాలా సులువు.

లదాఖ్‌కు నడుపుకుంటూ వెళ్లేంత సెలవు లేదని రాశారు కదా, సికింద్రాబాద్ నుంచి ఢిల్లీకి రైలు పార్సిల్‌లో పంపవచ్చు. ఆర్‌సీ, గుర్తింపు కార్డు కాపీలు కావాలి. పెట్రోల్ మొత్తం తీసేయాలి. అద్దాలు, విండ్‌షీల్డ్, లైట్లు విప్పి విడిగా మీ సామాన్లలో పెట్టుకోండి, ప్యాకింగ్ చేసేవాళ్లు వాటి మీదుగానే తాడు బిగిస్తారు. ప్యాకింగ్‌కు ముందు నాలుగు పక్కలా ఫొటోలు తీయండి. లదాఖ్‌లో తిరగడానికి ఆర్‌సీ మీ పేరు మీద ఉంటేనే మంచిది. స్నేహితుడి బైక్ తీసుకెళ్తే, బయటి రెంటల్ బండి అనుకుని లేహ్‌లో స్థానిక ట్యాక్సీ, రెంటల్ వాళ్లు ఆపే అవకాశం ఉంది, అతని అనుమతి పత్రం వెంట ఉంచుకోండి. ఢిల్లీలో బైక్ దించుకున్నాక దగ్గరి బంకు దాకా తోసుకెళ్లాలి కాబట్టి, ఒక ఖాళీ సీసా దగ్గర పెట్టుకుని ఒకరు బైక్ దగ్గర ఉండి ఇంకొకరు పెట్రోల్‌కు వెళ్తే మంచిది. సీసాలో పోయం అనే బంకులు కూడా ఉన్నాయి, అప్పుడు తోయక తప్పదు.